ముక్కను బట్టి గాడి



మన విజయనగరం జిల్లాలో బొబ్బిలి వీణ పేరు వినని వారుండరు. గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. వీణల మీద పొదిగే తెల్లని నగిషీ ముక్కలు ఒకప్పుడు ఏనుగు దంతంవి, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు దంతం పొదిగిన పెట్టెలు, కుర్చీలు చేసి కంపెనీ దొరలకు అమ్మేవారు.

పొదిగే పనిలో మంచి పద్ధతి ఒకటుంది. ముందు ముక్కను కోసి అంచులు సరిచేస్తారు. దాన్ని కర్రమీద ఉంచి చుట్టూ సూదిమొనతో గీస్తారు. ఆ గీత లోపలే తొలిచి, ముక్కను పెట్టి చూస్తూ వెంట్రుకవాసి చొప్పున గాడిని పెంచుతారు. మిషన్‌తో గాడి ముందే తొలిస్తే ముక్కను కాస్త పెద్దదిగా కోసి అరగదీస్తారు. పెద్దదాన్ని తగ్గించగలం గాని చిన్నదాన్ని పెంచలేం. సందు మిగిలితే రంపపు పొట్టు, జిగురు కలిపి నింపుతారు. పాలిష్ పెట్టిన రోజు అది కనబడదు. వానాకాలంలో కర్ర ఉబ్బి, వేసవిలో ముడుచుకుంటుంది. ముక్క దానితో సమానంగా కదలదు. అప్పుడు సందు బయటపడుతుంది.

మన సంఘాల్లో మనం గాడి ముందే తొలిచేస్తున్నాం. పని నిర్ణయించేసి, మనిషిని దానికి తగ్గట్టు చెక్కుతున్నాం. వేరావల్‌లో ఏళ్లతరబడి చేపలవేటకు వెళ్లి వచ్చిన తమ్ముడి చేతికి లేఖన పఠనం ఇస్తాం. అతను తడబడితే ముసిముసిగా నవ్వుతాం. మరుసటి ఆదివారం అతను రాడు. వల అల్లే చేయి, ఇంజను బాగుచేసే చేయి మనకు అక్కరలేదా? సంఘంలో ఇలా ఖాళీ అయిన చోటును ఏ జిగురూ నింపలేదు.

రాళ్లను పొదిగే నేర్పు బెసలేలుకు దేవుడే ఇచ్చాడని నిర్గమకాండము 31లో చదువుతాం. శరీరంలో అవయవాలను ఉంచినదీ ఆయనేనని 1 కొరింథీ 12 చెబుతోంది. అలాగైతే ముక్కను చూసి గాడి తొలవడమే మన పని.

మరి ఎవరినీ సరిదిద్దకూడదా? దిద్దాలి, ముక్క అంచునూ అరగదీయాలి. కానీ సొలొమోను మందిరపు రాళ్లను గనిలోనే చెక్కారు, కడుతున్నప్పుడు మందిరంలో సుత్తి చప్పుడు వినబడలేదు (1 రాజులు 6:7). కాబట్టి చెప్పవలసిన మాట వారి ఇంటికి వెళ్లి చెబుదాం, అందరి ముందు కాదు.

ఈసారి క్రిస్మస్ పనులు పంచేముందు పెద్దలు, యౌవనస్థులు కలిసి పనుల చీటీ కాదు, మనుషుల చీటీ ముందు రాద్దాం. ఎవరి చేతికి ఏ పని వచ్చో వారినే అడుగుదాం.

ప్రభువు మనకు ఓపికగల చేతులు దయచేయును గాక. ఆమేన్.