చూసినోడే దొంగా?

హన్మకొండలో ఎన్నికల ముచ్చట వస్తే మా దోస్తుది ఒకటే మాట: "ఈవీఎం లోపల ఏముందో అందరికీ చూపిస్తే దొంగకి తాళంచెవి ఇచ్చినట్టే గదరా." వాడూ నాలాగే కోడ్ రాసి బతికేవాడు. అందుకే ఊరుకోలేకపోతున్నా.

తాళం ఎలా పనిచేస్తుందో చెప్పడం వేరు, తాళంచెవి ఇవ్వడం వేరు. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా రహస్యం భద్రంగా ఉండాలని కెర్కాఫ్స్ 1883లోనే అన్నాడు. మన ఫోన్లలోని ఎన్‌క్రిప్షన్ ఆ సూత్రం మీదే నిలబడింది.

ఈవీఎంలది ఎదురు దారి. తయారుచేసేది హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బెంగళూరులో బీఈఎల్. సోర్స్ కోడ్ జనానికి చూపించరు. 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, అలెక్స్ హాల్డర్‌మన్, రాప్ గోంగ్రిప్ తదితరులతో కలిసి ఒక అసలు మెషిన్‌ని విప్పి చూశాడు. మెషిన్ చేతికి దొరికితే డిస్‌ప్లే బోర్డు మార్చి లెక్క తారుమారు చేయొచ్చని చూపించారు. ఫలానా ఎన్నికలో అలా జరిగిందని అనలేదు, జరగొచ్చు అన్నారు. ఆ ఆగస్టులో పోలీసులు హరిప్రసాద్‌ని ఇంటి దగ్గర అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు. మెషిన్ దొంగతనం కేసు! లోపం పక్కకి పోయింది, చూసినోడు ముద్దాయి అయ్యాడు.

"ఓపెన్ సోర్స్ అయితే చాలు" అనే మన బ్యాచ్‌కీ ఒక మాట. చాలదు. హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేదాకా, అంటే 2014 దాకా, రెండేళ్లు అందరి కళ్ల ముందే ఉంది. 2024లో ఎక్స్‌జెడ్‌లో దొంగదారి పెట్టింది నమ్మకం సంపాదించిన మెయింటెయినరే. కానీ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కి అనుమానమొచ్చింది. ఎవరి పర్మిషనూ అడక్కుండా తవ్వాడు, లోకానికి చెప్పాడు. అతనికి దక్కింది థాంక్స్. హరిప్రసాద్‌కి దక్కింది లాకప్.

"వీవీప్యాట్ వచ్చింది గదా" అంటాడు దోస్తు. వచ్చింది, 2013లో సుప్రీంకోర్టు చెప్పాక. మెషిన్ మాట ఒక్కటే చాలదని ఒప్పుకున్నట్టే గదా? 2024లో అదే కోర్టు, ఓడిన అభ్యర్థి అడిగితే కొన్ని మెషిన్లని పరీక్షించాలంది. పరీక్షించేది మాత్రం వాటిని తయారుచేసిన కంపెనీల ఇంజనీర్లే. మన పేపర్ మనమే దిద్దుకున్నట్టు.

కోడ్ బయటపెట్టాలి. చిప్‌లో ఉన్నది ఆ కోడేనా అని బయటి నిపుణులు మెషిన్ విప్పి చూడగలగాలి. లోపం చెప్పినోడి మీద కేసు పెట్టకూడదు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా మిగతా రెండూ ఉత్త మాటలే.

దొంగ లోపలికి తొంగిచూడ్డానికి పర్మిషన్ అడగడురా దోస్త్. పర్మిషన్ కోసం ఆగేది మనలాంటోళ్లమే.