ఈ వార్త ఎవరు చెప్పారు?

సొంత ఊరికి దూరంగా ఉన్నవారికి తెలుగు వార్తల మీద ఉండే ఆకలి ఈనాటిది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించింది తెలుగునాట కాదు, బొంబాయిలో. అమెరికాలో స్థిరపడిన మనమూ ఒకప్పుడు ఇండియా నుంచి వచ్చేవాళ్ళు తెచ్చే పాత పత్రికల కోసం ఎదురుచూసినవాళ్ళమే. ఇప్పుడు ఆ అవసరం లేదు. మనం నిద్ర లేచేసరికే వాట్సాప్‌లో వార్తలు వచ్చి కూర్చుంటున్నాయి.

ఇందులో మేలు లేకపోలేదు. 2009 జనవరిలో న్యూయార్క్ హడ్సన్ నదిలో విమానం దిగినప్పుడు, లోకం చూసిన తొలి ఫోటోల్లో ఒకటి ఫెర్రీలో ఉన్న ఒక ప్రయాణికుడు ట్విట్టర్‌లో పెట్టినదే. సామాన్యుడే విలేకరి అయ్యాడు.

అయితే పత్రికలో వార్త అచ్చయ్యే ముందు విలేకరి, సబ్ ఎడిటర్ దాన్ని చూస్తారు. తప్పు రాస్తే సవరణ వెయ్యాలి, ఒక్కోసారి కోర్టు మెట్లూ ఎక్కాలి. ఫార్వర్డ్‌గా వచ్చేదానికి చాలాసార్లు పేరూ ఉండదు, తేదీ ఉండదు. అడిగితే "ఎవరో పంపారు" అంటాం.

దీని ఫలితం 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లకు ఇండియాలో ఎందరో అమాయకులు బలయ్యారు. తెలంగాణలోనూ దాడులు జరిగాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊళ్ళకు పంపి, జానపద పాటలతో సహా, ఆ పుకార్లు నమ్మవద్దని జనానికి చెప్పించారు. ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా ఇండియాలో పరిమితి పెడతామని ఆ జులైలోనే వాట్సాప్ ప్రకటించింది.

సముద్రాలకు ఇవతల ఉన్న మనకేమిటి అనుకోవద్దు. మనం పంపిన దానికి అక్కడ విలువ ఎక్కువ. "అమెరికా నుంచి మా అబ్బాయి పంపాడు" అంటే చాలు, అది మందు గురించైనా మతం గురించైనా రాజముద్ర పడినట్టే.

విన్నది వెంటనే నమ్మవద్దని, నిజానిజాలు తేల్చుకోమని చెప్పే సుమతీ శతక పద్యం మన పిల్లలు ఏటా వేదిక మీద అప్పజెబుతారు. మనం చప్పట్లు కొడతాం. ఇంటికెళ్ళి ఫార్వర్డ్ నొక్కుతాం!

అందుకే నాదొక మనవి. మన తెలుగు బడి పై తరగతుల్లో నెలకొక గంట దీనికి కేటాయిద్దాం. ఒక పత్రికా వార్తనూ, ఒక ఫార్వర్డ్‌నూ పక్కపక్కన పెట్టి పిల్లల చేత చదివిద్దాం. ఎవరు రాశారు, ఎప్పటిది, ఎలా తెలిసింది అన్న మూడు ప్రశ్నలు అడగడం నేర్పుదాం. ఇంగ్లీషులో వచ్చినదాన్ని మన పిల్లలు ఎలాగూ సరిచూసుకోగలరు. తెలుగులో వచ్చినదాన్ని సరిచూడాలంటే ముందు తెలుగు చదవడం రావాలి. అది వస్తే, "తాతయ్యా, ఇది ఎప్పటి ఫోటో?" అని ప్రేమగా అడిగే మనిషి ఇంటికొకరు తయారవుతారు. ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం కారు నడిపి అక్షరాలు నేర్పిస్తున్నందుకు ఇంతకన్నా పనికొచ్చే ప్రయోజనం ఏముంటుంది?