ఆశను అమ్ముకోనివ్వొద్దు

గుండెపోటులో చనిపోయిన కండరం తిరిగి పెరగడం చాలా తక్కువ. అక్కడ మచ్చే మిగులుతుంది. ఆ చోట మూలకణాలను, అంటే స్టెమ్ సెల్స్‌ను ఎక్కిస్తే చాలావరకు నిలవకుండా కొట్టుకుపోతాయి. అందుకే శాస్త్రవేత్తలు వాటికి ఐరన్ ఆక్సైడ్ నానోకణాలు చేర్చి, అయస్కాంతంతో గాయం దగ్గరే నిలిపి చూస్తున్నారు. ఎలుకల్లో ఫలితాలు ఆశ కలిగించాయి. ఈ కృషిని మేము మనసారా స్వాగతిస్తున్నాం.

కానీ ఇది ఇంకా ప్రయోగమే. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం గుండె జబ్బుకు మూలకణాలను అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి. అయినా పేదల భయమే పెట్టుబడిగా లక్షలు అడిగేవారున్నారు.

యువతా, ఇంట్లో పొలం అమ్మకముందే, బంగారం కుదువపెట్టకముందే అడగండి: "ఈ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ప్రయోగమైతే మా దగ్గర డబ్బెందుకు?" జవాబు రాకపోతే అక్కడినుంచి లేచి రండి. రోగిని కాపాడటంలో ఇదీ భాగమే.