ముందు ఆ అరగంట ఎక్కడుందో చెప్పండి

తెల్లవారుజామున అయిదింటికి లేవండి. గోరువెచ్చటి నీళ్ళు తాగండి. అరగంట నడవండి. పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోండి. రాత్రి పడుకునేముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు నోటుబుక్కులో రాసుకోండి. దినపత్రికల స్త్రీల పేజీలు, టీవీల మధ్యాహ్నపు కార్యక్రమాలు, వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, ఇప్పుడు సెల్‌ఫోన్లలో వచ్చిపడే వీడియోలు అన్నీ కలిసి స్త్రీలకి రాసిచ్చిన మందుచీటీ ఇది. చీటీ కింద సంతకంలాగా ఒక వాక్యం తప్పకుండా వుంటుంది: మీ సంతోషం మీ చేతుల్లోనే వుంది.

నడకతో నాకు పేచీ లేదు. గోరువెచ్చటి నీళ్ళతో అంతకన్నా లేదు. నా పేచీ అంతా ఆ చివరి వాక్యంతోనే. సంతోషం నా చేతుల్లోనే వుంటే దుఃఖానికి కూడా నేనే బాధ్యురాలిని. అలసట నా అలవాట్ల లోపం. కోపం నా ఆలోచనల లోపం. ఇంట్లో ఎవరు ఎంత పని చేస్తున్నారు, ఎవరు ఎవరిమీద చెయ్యెత్తుతున్నారు, ఎవరి జీతం ఎవరి చేతుల్లో వుంది అన్న ప్రశ్నలన్నీ ఒక్క వేటుతో పక్కకి పోతాయి. ముప్ఫై నలభై ఏళ్ళుగా స్త్రీల ఉద్యమాలు ఇంటి గోడల మధ్య నుంచి వీధిలోకి తీసుకొచ్చిన విషయాలని ఈ వాక్యం మళ్ళీ మన తలలోకి తోసి తలుపు వేస్తోంది.

ముందు లెక్క చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ 2024లోనూ కాల వినియోగ సర్వేలు చేసింది. ఇంట్లో జీతం లేని పని చేసే స్త్రీలు ఆ పనిమీద రోజుకి సగటున 2019లో 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు గడిపారు. ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళు గడిపింది 97 నిమిషాలు, తర్వాత 88 నిమిషాలు. అసలు చెయ్యి పెట్టినవాళ్ళెందరు? 2019లో ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు 26 మంది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకునే సమయం దీనికి అదనం. అయిదేళ్ళలో మనకి తగ్గింది పది నిమిషాలు. పాపం, మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

ఇప్పుడు చెప్పండి, ఆ నడక అరగంట ఎక్కడినుంచి వస్తుంది? భర్త సమయం లోంచి రాదు, ఆఫీసు సమయం లోంచి రాదు. నిద్రలోంచి వస్తుంది. అందుకే ప్రతి చీటీ "పొద్దున్నే లేవండి" అనే మొదలవుతుంది. "మీ ఆయన్ని లేపి పాలు కాయమనండి" అని మొదలైన చీటీ నేనింతవరకూ చూడలేదు. లేదా ఆ అరగంట ఇంకో ఆడమనిషి శరీరంలోంచి వస్తుంది. మన మధ్యతరగతి ధ్యానం జరుగుతున్నంతసేపూ వంటింట్లో గిన్నెలు తోముతున్న మనిషికి వారానికి ఒక రోజు సెలవైనా ఇస్తున్నామా? ఆమె స్వీయ సంరక్షణ గురించి ఏ పత్రికా శీర్షిక నడపదు. ఆమె కులం, ఆమె నడుంనొప్పి ఈ చర్చలోకి రావు.

నేను గంటల లెక్కన పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో ఒకసారి మార్చి 8న మా అందరికీ "సానుకూల దృక్పథం" మీద వర్క్‌షాప్ పెట్టారు. అప్పటికి గెస్టు లెక్చరర్లకి నాలుగు నెలలుగా డబ్బులు రాలేదు. మా అంతస్తులో ఆడవాళ్ళ బాత్రూముకి గొళ్ళెం లేదు. వచ్చిన వక్త చాలా మృదువుగా, మనం మార్చలేని వాటి గురించి బాధపడటం మానేసి, మార్చగలిగిన మన మనసుని మార్చుకోవాలని చెప్పింది. వెనక వరసలో కూర్చున్న మా తెలుగు మేడం లేచి, "గొళ్ళెం మార్చగలిగిన వాటిలోకి వస్తుందా, మార్చలేని వాటిలోకి వస్తుందా అమ్మా?" అని అడిగింది. అందరం నవ్వాం. వక్త కూడా నవ్వింది. ఆవిడ మీద నాకేం కోపం లేదు, ఆవిడదీ గంటల లెక్క బతుకే. కానీ ఆ రోజు ఆవిడకి ఇచ్చిన శాలువా, జ్ఞాపిక, మాకు పెట్టిన టిఫిను ఖర్చుతో ఎన్ని గొళ్ళాలు వచ్చేవో లెక్కేసుకోకుండా వుండలేకపోయాను.

ఇదంతా పడమర నుంచి దిగుమతైన వ్యవహారమని కొందరంటారు. నాకలా అనిపించదు. చీకటితో లేచి, తలంటుకుని, ఒంటిపూట వుండి, నియమం తప్పకుండా ఇన్ని వారాలు చేస్తే ఫలితం దక్కుతుందని చెప్పే నోములూ వ్రతాలూ మనకి కొత్తా? ఫలితం దక్కకపోతే నోములో లోపం వుండదు, నోచినదాని నిష్ఠలోనే లోపం. ఇప్పుడు కలశం స్థానంలో డైరీ వచ్చింది. ఉద్దేశం కూడా పెద్దగా మారలేదు. ఈ వ్యాసాలు చివరిదాకా చదవండి. "మీరు ఆరోగ్యంగా వుంటేనే ఇల్లు ఆనందంగా వుంటుంది" అని ముగుస్తాయి. మోటారు ఆగిపోకుండా నూనె వేయడం లాంటిదన్నమాట. ఇంటికి పనికిరాని విశ్రాంతి, ఎవరికీ ఏ లాభమూ లేని ఊరికే కూర్చోవడం స్త్రీకి హక్కుగా ఈ చీటీలో ఎక్కడా కనబడదు.

ఇంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో 45,026 మంది స్త్రీలు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్ళలో 23,178 మంది గృహిణులు. సగంకన్నా ఎక్కువ. వీళ్ళందరికీ కృతజ్ఞతాభావం తక్కువైందని చెబుదామా? చికిత్స అవసరమైన మనిషికి చికిత్స అందాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని హక్కుగానే చెప్పింది. కానీ పుట్టింటికి రావడానికి దారిలేని పిల్లకి "మంచినే చూడటం నేర్చుకో" అని చెప్పడం చికిత్స కాదు. సర్దుకుపో అన్న పాత మాటకే అది కొత్త పేరు.

కోపాన్ని జబ్బుగా మార్చడం ఎలా జరుగుతుందో ఇద్దరు రచయిత్రులు తమ శరీరాలమీదే చూసి రాశారు. నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్‌కి 1978లో కేన్సర్ వల్ల ఒక రొమ్ము తీసేశారు. కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళితే, అలా వస్తే మిగతా రోగుల మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు మందలించిన సంగతి ఆమె 1980లో వచ్చిన 'ది కేన్సర్ జర్నల్స్'లో రాసింది. బార్బరా ఎరెన్‌రైక్ తన కేన్సర్ రోజుల్లో కోపాన్ని బయటపెడితే తోటి రోగులే తప్పుపట్టారు. అక్కడినుంచి మొదలుపెట్టి, సానుకూల ఆలోచన అనే భావజాలం అమెరికాని ఎలా కమ్ముకుందో ఆమె 2009లో 'బ్రైట్ సైడెడ్' అనే పుస్తకమే రాసింది.

"మరి నాకు నడక వల్ల నిజంగానే బాగుంటోందే" అనే స్నేహితురాళ్ళున్నారు. వాళ్ళు నిజమే చెబుతున్నారు. నేనూ నడుస్తాను. స్త్రీవాదం అంటే అలిసిపోయి పడిపోవడం కాదు. 1988లో, కేన్సర్ కాలేయానికి పాకిన తర్వాత, తనని తాను చూసుకోవడం రాజకీయ పోరాటమేనని రాసింది కూడా ఆ లార్డే. ఇవాళ సబ్బుల మీదా కొవ్వొత్తుల మీదా ఆమె మాట అచ్చేసి అమ్ముతున్నారు. తనలాంటి వాళ్ళు బతకకూడదని కోరుకునే సమాజంలో బతికి వుండి పనిచేయడం ఆమె ఉద్దేశం. అలాంటి సంరక్షణ మనకీ తెలుసు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చింది. మన శరీరం గురించి మనమే కలిసి కూర్చుని తెలుసుకోవడం, డాక్టరుని ప్రశ్నించడం అందులోని పద్ధతి. సంరక్షణ అక్కడ ఉమ్మడి వ్యవహారం.

కోజికోడ్ బట్టల షాపుల్లో ఆడవాళ్ళు రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళు. బాత్రూముకి పోనివ్వరని నీళ్ళు తాగడం మానుకునేవాళ్ళు. వాళ్ళకి ఎవరైనా "రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగండి" అని సలహా చెబితే ఎలా వుంటుంది? వాళ్ళు విజి అనే దర్జీ పనిచేసే స్త్రీ నాయకత్వంలో సంఘం పెట్టుకుని, కూర్చునే హక్కు కోసం ఏళ్ళతరబడి పోరాడారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడూ అదే పని చేసింది. ఒక కుర్చీ! నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఆరోగ్య సూత్రం లేదు. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ స్త్రీలు జీతాల కోసం, గ్రాట్యుటీ కోసం సమ్మెకి దిగారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించినా 42 రోజులు నిలబడ్డారు. ఊళ్ళో పిల్లలందరి పోషణా చూసేవాళ్ళు తమ పోషణ సంగతి అడిగారు. స్వీయ సంరక్షణ అన్న మాటకి ఇది ఉదాహరణ ఎందుకు కాకూడదు?

పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది. భర్తకీ తెలియదు, పిల్లలకీ తెలియదు. ఆమెకి ఆ పేరు దొరికింది కళ్ళు మూసుకుని తనలోకి తాను చూసుకుంటే కాదు. చదువుకున్న రోజుల నాటి స్నేహితురాలు కనబడి "శారదా" అని పిలిస్తే దొరికింది. మనల్ని పేరుపెట్టి పిలిచే ఇంకో స్త్రీ వుండటం ఎంత పెద్ద విషయమో మన కథకులు ఎప్పుడో చెప్పారు. ఆమెని చీటీలో రాసి ఇవ్వలేరు, దుకాణంలో అమ్మలేరు.

చివరిగా రాసేవాళ్ళతో, పాఠాలు చెప్పేవాళ్ళతో ఒక మాట. ఆ స్త్రీల పేజీల్లో శీర్షికలు రాసేది చాలాసార్లు మనమే. ఆ వర్క్‌షాపులకి అతిథులుగా వెళ్ళేదీ మనమే. ఈసారి రాయమని అడిగితే తప్పకుండా రాద్దాం. అరగంట నడవమనే రాద్దాం. ఆ అరగంట ఇంట్లో ఎవరి దగ్గరుందో, వాళ్ళ దగ్గర్నుంచి ఎలా తీసుకోవాలో కూడా పక్కనే రాద్దాం. రాత్రి నోటుబుక్కు తెరిచినప్పుడు మూడు మంచి విషయాలతోపాటు ఆ రోజు కోపం తెప్పించిన మూడు విషయాలు కూడా రాసుకోమని చెబుదాం. నెలాఖరుకి నలుగురం ఒకచోట కూర్చుని ఆ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదువుకుంటే, నా ఒక్కదాని మనసులోనే లోపముందో లేదో తేలిపోతుంది.