వేలిముద్ర వేసేముందు అడుగుదాం



దెబ్బ తగలకుండనే ఒంటి మీద నల్లమచ్చలు, చిగుళ్ల నుంచి నెత్తురు. నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను మన ఒంటి రక్షణశక్తే శత్రువులనుకొని చంపే జబ్బు ఇది. డాక్టర్లు ఐ.టి.పి. అంటారు. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నరకు పైగా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు కొన్ని వేలకు పడిపోవచ్చు. మొదట స్టెరాయిడ్ ఇస్తారు. చాలామందికి తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది.

దానికి మైకోఫెనోలేట్ అనే మందు కలిపితే? బ్రిటన్‌లో 120 మందిపై పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించారు. స్టెరాయిడ్ ఒక్కటే వాడినవాళ్లలో నూటికి 44 మందికి వైద్యం విఫలమైంది. రెండూ వాడినవాళ్లలో 22 మందికే. కానీ రెండూ వాడినవాళ్లు అలసట పెరిగిందని, సత్తువ తగ్గిందని చెప్పారు. ఆ మాటనూ ఫలితం పక్కనే రాశారు. ప్లేట్‌లెట్లను లెక్కబెట్టినవాళ్లు మనిషినీ అడిగారు. మందును పరీక్షించుడంటే ఇదీ.

మరి మన దగ్గర? మాడుగులపల్లి ఉన్న పాత నల్లగొండ జిల్లాకు ఆనుకొనే పాత ఖమ్మం జిల్లా. 2009లో అక్కడ మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. 2010లో ఆపేశారు. తర్వాత 9,543 అంగీకార పత్రాలు చూస్తే 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల, హెడ్మాస్టర్ల సంతకాలు. అది ప్రయోగమేనని 2013లో పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. టీకాతో మాకు పేచీ లేదు, అది పనికొచ్చే టీకానే. అడగకుండ వేసుడుతోనే పేచీ. సంతకాలు పెట్టినవాళ్లు మాలాంటి పంతుళ్లే, అందుకే మాకు సిగ్గు. బిడ్డలను మా బడికి పంపిండ్రు గని, వాళ్ల ఒళ్లు మాకు రాసియ్యలేదు.

మందుల పరీక్షలు వద్దని మేమనం. పరీక్ష లేకుంటే మన జబ్బులకూ మందు రాదు. కానీ 2019 నిబంధనలు మనకు తెలియాలె. పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలె. చదువురానివాళ్లకు సంబంధం లేని సాక్షి ఉండాలె. ఎప్పుడైనా బయటికి రావచ్చు, వచ్చినందుకు మామూలు వైద్యం ఆపొద్దు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇయ్యాలె.

సంఘం మీటింగుల ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి. పంతుళ్లారా, ఇంకొకరి బిడ్డ కోసం కలం తియ్యకండి. ముందు తల్లిదండ్రులను పిలవండి.