గౌరవం సరే, మేళం నిలిచేదెలా?

జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు శ్రీ గడ్డం సమ్మయ్యకు కేంద్ర ప్రభుత్వం 2024లో పద్మశ్రీ ప్రకటించింది. ఊరూరా గజ్జె కట్టి ఆడిన మనిషికి ఢిల్లీలో గౌరవం దక్కడం జిల్లాకంతటికీ గర్వకారణం. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం పద్మశ్రీ గ్రహీతలకు 25 లక్షల రూపాయల నగదు, నెలకు 25 వేల పింఛను ఇస్తామని తెలిపింది. మెచ్చుకోదగిన నిర్ణయమే. కాని ఒక సంగతి మాత్రం మరుగున పడిపోతున్నది.

చిందు ఒక్కరు ఆడే ఆట కాదు. హార్మోనియం పట్టేవారు, మద్దెల వాయించేవారు, తాళం వేసేవారు, వేషం కట్టే ఆడా మగా అందరూ కూడితేనే అది మేళం. బిరుదు మేళం పెద్దకు వస్తుంది. తెల్లవార్లూ మద్దెల కొట్టిన చేతులకు ఏమీ రాదు. పెద్దాయన తరువాత మేళం చెదిరిపోతే, ఆ బిరుదు గోడమీది పటంగానే మిగులుతుంది.

ఒగ్గుకథ సంగతీ అంతే. ఒగ్గు అంటే శివుని డమరుకం. గొల్ల కురుమల ఇండ్లల్లో పట్నం వేసి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పడం తరాలనాటి ఆచారం. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన శ్రీ చుక్క సత్తయ్య ఆ కథను కొలుపుల నుంచి పెద్ద వేదికల మీదికి నడిపించారు. ఒక మారుమూల పల్లె డోలు చప్పుడు రాష్ట్రమంతా వినిపించింది. ఆయన 2017 నవంబరులో కన్నుమూశారు. అక్కడ కూడా కథకుని వెనుక డోలు, తాళాలు, వంతపాట ఉన్నందుకే కథ రక్తి కట్టింది.

నేడు జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని పెండ్లి ఊరేగింపు అంటే డీజే పెట్టెలే. ఆరుగురు డోలు వాయిద్యగాళ్ల పని ఒక వ్యాను, ఒక మనిషితో తీరిపోతున్నది. రాత్రి 10 దాటితే బహిరంగంగా మైకులు మోగరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నా పట్టించుకునేవారు తక్కువ. అలాగని కుర్రకారును తిట్టి లాభం లేదు. వారికి వేగం కావాలి, గంతులేయడానికి దరువు కావాలి. ఆ రెండూ ఒగ్గుడోలులో లేవా?

సముద్రాల అవతలి జమైకా ముచ్చట ఇక్కడ చెప్పుకోదగినది. 1950లలో అక్కడి కింగ్‌స్టన్ నగర వీధుల్లోనూ ఇటువంటి సౌండు పెట్టెలే మోగేవి. అమెరికా రికార్డులు వేసి విసిగిన పెట్టెల యజమానులు స్థానిక వాయిద్యగాళ్లను పిలిచి కొత్త పాటలు రికార్డు చేయించారు. బాకాలు, డ్రమ్ములు కలిసిన ఆ వేగం పాటకే ‘స్కా’ అని పేరు. 1964లో ఏర్పడిన స్కటలైట్స్ బృందంలో పలువురు ఆల్ఫా అనే అనాథ బాలుర బడిలో బ్యాండు నేర్చినవారే. 1979 నాటికి ఇంగ్లండులో కార్ల ఫ్యాక్టరీల ఊరైన కోవెంట్రీ నుంచి నల్లవారు, తెల్లవారు కలిసిన స్పెషల్స్ బృందం అదే దరువుతో పైకి వచ్చింది. తరువాత అమెరికా కుర్రాళ్లు దాన్ని మరింత వేగం చేసి ‘స్కా పంక్’ అన్నారు. పెట్టె వాయిద్యాన్ని మింగనక్కరలేదని, పేదపిల్లల బడిలో నేర్పిన బాకా ప్రపంచం చుట్టి వస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

మన దగ్గర లేనిది అటువంటి బడే. చిందు మాదిగలను ఆశ్రయించి బతికిన కళ. ఒగ్గు గొల్ల కురుమలది. అడిగి తెచ్చుకునే బతుకని లోకం చిన్నచూపు చూసినందునే చదువుకున్న పిల్లలు గజ్జె కట్టడానికి నామోషీ పడుతున్నారు. ఆ తప్పు పిల్లలది కాదు, చూసేవారిది. అదే విద్యను సర్కారు బడిలో అన్ని కులాల పిల్లలకూ నేర్పితే అది యాచన అనిపించుకోదు, విద్య అనిపించుకుంటుంది.

మూడు జిల్లాల్లో కనీసం ఒక్కొక్క ఉన్నత పాఠశాలలో వారానికి రెండు పూటలు డోలు, తాళం, మద్దెల నేర్పే ఏర్పాటు చేయాలి. నేర్పే వృద్ధ కళాకారులకు గౌరవ వేతనం ఇవ్వాలి. సర్కారు బిరుదు ఇచ్చేటప్పుడు మేళంలోని వారందరినీ గుర్తించి వారికీ కొంత పింఛను కేటాయించాలి. ఇవి ఖజానాకు మోయలేని బరువులు కావు.

గ్రామస్థుల బాధ్యత కూడా కొంత ఉన్నది. జాతరకో, బోనాలకో ఒక్క రాత్రి డీజే మాని మేళాన్ని పిలిపించి, బేరమాడకుండా కూలి గిట్టేటట్టు ఇస్తే చాలు. చప్పట్లతో డోలు తోలు బిగియదు. పని దొరికితేనే మేళం నిలుస్తుంది.