పచ్చళ్లతో పాటు కాగితాలు కూడా

మిర్చి కోతలు ముగిసి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాయంటే మన పల్లెల్లో పెద్దవాళ్ల ప్రయాణాలు మొదలవుతాయి. డాలస్‌లో కొడుకు, న్యూజెర్సీలో కూతురు. పచ్చళ్లూ కారప్పొడీ సర్దుకున్నంత శ్రద్ధగా కాగితాలు సర్దుకునేవాళ్లు తక్కువ. అందుకే ఈ సంచిక.

సందర్శక వీసా పదేళ్లదైనా, అమెరికాలో ఒక్కో విడత ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే. ఆ గడువు వీసా మీద కాదు, అక్కడ దిగినప్పుడు నమోదయ్యే ఐ-94 రికార్డులో ఉంటుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆరోగ్యం. అక్కడికి వెళ్లేవాళ్లు తీసుకునే చాలా బీమా పాలసీలు పాత షుగరుకూ గుండెజబ్బుకూ పూర్తిగా వర్తించవు. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు సాధారణంగా ఐదేళ్లు ఉన్నాకే, 65 నిండితేనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరగలరు. అదీ ప్రీమియం కట్టి. ఒక్క రాత్రి ఆసుపత్రి ఖర్చు ఏడాది పత్తి పంటను మింగేయగలదు.

ఇక పింఛను సంగతి. కేంద్ర పింఛనుదారులు మామూలుగా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల నవంబరు. 2014లో వచ్చిన డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ సేవ జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ఫోనులో ముఖం చూపినా చాలు.

అక్కడే స్థిరపడితే ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చాలి. ఉన్న నల్లరేగడి పొలం ఉంచుకోవచ్చు, కొత్తగా సాగుభూమి కొనకూడదు.

బయల్దేరేముందు బ్యాంకుకిచ్చిన సిమ్ విదేశంలో పనిచేస్తుందో లేదో కనుక్కోండి. ఓటీపీ వచ్చేది దానికే.